రెండు చావులు

థామస్‌ని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు అతని కూతురు స్టెఫీ మధురానగర్‌లో నా ఆఫీసుకి వచ్చింది. ఏడవలేదు. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అంకుల్, నాన్నని పోచయ్య చంపలేదు" అంది.

"చంపాడని పోలీసులు కూడా అనట్లేదమ్మా. బ్రేక్ వేయలేదంటున్నారు."

"అదే అబద్ధం. నాన్న సరదాకి ట్రాక్టర్ ఎక్కినా సీటు వెనక రక్షణ కమ్మీ లేపి ఉందో లేదో చూసుకుని గానీ స్టార్ట్ చేయడు పోచయ్య. అలాంటి మనిషి వాలులో బ్రేక్ వేయకుండా అన్నానికి పోతాడా?"

థామస్ ఆర్ట్ డైరెక్టర్. ప్లైవుడ్డుతో, ప్లాస్టర్‌తో ఊళ్లకి ఊళ్లు కట్టి, షూటింగ్ అయ్యాక తన చేత్తోనే పడగొట్టేవాడు. ఆదివారం చర్చిలో నా పక్కనే నిలబడి పాడేవాడు, శ్రుతి లేకుండా. ఆ గొంతు ఇక వినపడదన్న సంగతి నాకు ఇంకా పూర్తిగా మనసుకెక్కలేదు.

జరిగింది ఇంతే. ఫిల్మ్ నగర్‌లో నిర్మాత చలపతిరావు గారి షూటింగ్ గ్రౌండ్. ఆయన కొడుకు, హీరో రిత్విక్, ఒక మినీ ట్రాక్టర్ కంపెనీకి యాడ్ చేస్తున్నాడు. అందుకోసం వాలు మీద ఉత్తుత్తి పొలం, వాలు కింద ఉత్తుత్తి పల్లెటూరి ఇల్లు కట్టాడు థామస్. మూడు రోజుల కిందట మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు వాలు మీద ఆపిన ట్రాక్టర్ జారిపోయింది. కింద గోడకి రంగు సరిచూసుకుంటున్న థామస్‌ని ఆ గోడకే నొక్కేసింది. డ్రైవర్ పోచయ్యని నిన్న అరెస్టు చేశారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి లోపలికి వెళ్తే అతని కోసం బెయిలు కాగితం పట్టుకుని తిరిగే నాథుడు లేడు.

నేను డిటెక్టివ్‌ని కాకముందు తెనాలిలో ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. గోతుల్లో పడ్డవీ, కాలవల్లో తేలినవీ, మనుషుల మీద ఒరిగినవీ ఎన్ని ట్రాక్టర్లు చూశానో. మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ ట్రాక్టర్‌కి ఆ చదువు లేదు.

"పద" అన్నాను స్టెఫీతో. "నువ్వు ఇంటికి. నేను స్టేషన్‌కి."

* * *

ఇన్‌స్పెక్టర్ క్రాంతికుమార్ దృష్టిలో నాలాంటి వాళ్లు పెళ్లికి పిలవని చుట్టాలు. పోయినేడాది ఆయన మూసేసిన కేసు ఒకటి నేను తెరిచాను. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"పది నిమిషాలు, డిటెక్టివ్ సాబ్. గంతే. మధ్యల నేను గూడ ఉంట."

పోచయ్య గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పొట్టి మనిషి, లేచి నిలబడితే నా భుజం దాకా వస్తాడేమో. మొహంలో భయం కన్నా సిగ్గు ఎక్కువ కనిపించింది.

"ట్రాక్టర్ ఆపి ఏం చేశావో వరసగా చెప్పు, పోచయ్యా."

"రోజు చేసేదే సార్. ఇంజన్ బంద్ చేసిన. గేర్ల ఏసిన. బ్రేకు తొక్కి కొక్కెం తగిలిచ్చిన. ఎనక దున్నే రోటవేటర్ దించి భూమిల ఆనిచ్చిన. అన్నానికి పోయిన."

"రోటవేటర్ ఎందుకు దించడం?"

"దించకుంటెట్ల సార్? బ్లేళ్లు భూమిల దిగితే బండి యాడికి పోతది? వాలుల ఆపినమంటే అదే లంగరు."

"వెనక కమ్మీ?"

"లేపే ఉండె సార్. షాటప్పుడు వాళ్లు మడుస్తరు. నేనెక్కినంటే లేపి పిన్ను పెడత."

బండి తిరగబడితే డ్రైవర్ కింద నలిగిపోకుండా సీటు వెనక నిలబడి ఉండే ఇనప చట్రం అది. పుస్తకాల్లో రోల్ బార్ అని రాస్తారు. బెల్టు పెట్టుకుని, ఆ కమ్మీ లేపి ఉంటే బండి పల్టీ కొట్టినా మనిషి బతికి బయటపడతాడు. మడిచి ఉంటే దేవుడే దిక్కు.

"ట్రాక్టర్‌కి తాళాలెన్ని?"

"రెండు చావులు సార్. ఒకటి నాది. ఒకటి డూప్‌ది."

తాళంచెవిని చావి అంటారని నాకు తెలియక కాదు. అయినా నిన్ననే ఒక పెట్టె మీద మట్టి వేసి వచ్చిన నాకు ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. క్రాంతికుమార్ మాత్రం టేబుల్ చరిచి నవ్వాడు.

"ఇన్నవా సాబ్? డూప్లికేట్ ఉన్నదని ఆయన నోటితోనే చెప్తుండు. ఏడుందిరా అంటే నా దగ్గర లేదంటడు. ఇల్లంత దేవినం. దొరకలే. యాడనో పారేసిండు. తప్పు చెయ్యనోడు పారేస్తడా?"

పోచయ్య ఏదో అనబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి మింగేశాడు. నేను లేస్తుంటే మెల్లగా అడిగాడు.

"సార్, థామస్ సార్ బిడ్డకు నా మీద కోపముందా?"

"లేదు. నన్ను పంపింది ఆ అమ్మాయే."

అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సాయంత్రంలోగా ఏదో ఒకటి పట్టుకోకపోతే స్టెఫీకి మొహం చూపించలేను.

* * *

గ్రౌండ్‌కి నేను వెళ్లేసరికి ముసురు పట్టింది. ఒంటరిగా చూద్దామనుకున్నాను గానీ, నా వెనకే పోలీసు జీపు దిగింది. నేను ఏం ముట్టుకుంటానో అని ఇన్‌స్పెక్టర్‌కి బెంగ.

ట్రాక్టర్ ఇంకా వాలు కిందే ఉంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా కదపకూడదని చుట్టూ టేపు కట్టారు. చిన్న బండి, నులకమంచం కన్నా కాస్త వెడల్పు. ముక్కు నలిగింది. ఎదురుగా ఉన్న గోడ మధ్యలో విరిగి, ప్లాస్టర్ వెనక ప్లైవుడ్డు బయటపడింది. థామస్ కట్టిన గోడ ఇటుకది కాకపోయినా, దాని వెనక బండరాయి మాత్రం నిజమైనదే.

"బండి మీరొచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందా?"

"ఎవ్వరు ముట్టలే. గేరు న్యూట్రల్‌ల ఉండె. బ్రేకు కొక్కెం ఊడి ఉండె. చావి లేకుండె. ఇంకేం గావాలె?"

"ఇది కావాలి" అని బండి వెనక్కి నడిచాను. రోటవేటర్ నేలకి జానెడు ఎత్తున గాల్లో వేలాడుతోంది. మూడు రోజుల్లో హైడ్రాలిక్ ఆయిలు కాస్త జారి కిందికి దిగి ఉంటుంది. అంటే ఆ రోజు ఇంకా పైనే ఉండాలి.

"అయితే ఏందంట? దించిన అని అబద్ధం చెప్పిండు."

"రండి, పైకి."

వాలు మీద ట్రాక్టర్ ఆపిన చోట టార్పాలిన్ పందిరి ఉంది, బండి రంగు వానకి పాడవకుండా. ఆ పందిరి కింద మట్టి తడవలేదు. గొంతుకు కూర్చుని చూపించాను. వంకర కొడవళ్ల లాంటి బ్లేళ్లు వరసగా దిగిన గుర్తులు, నాలుగు వేళ్ల లోతున. అంచులు విరగలేదు. ముందుకి ఈడ్చిన గీత ఒక్కటి కూడా లేదు.

"చూశారా? పోచయ్య దించాడు. బండి దానంతటది జారి ఉంటే ఈ బ్లేళ్లు నేలని చీల్చుకుంటూ పోవాలి. చీల్చలేదు. అంటే కదిలే ముందే ఎవరో రోటవేటర్‌ని పైకి లేపారు."

"లేపుతరు. లీవర్ గుంజితే లేస్తది. దానికేంది?"

"ఇంజిన్ ఆపిన బండికి ఆ లీవర్ ఎంత గుంజినా లేవదు, ఇన్‌స్పెక్టర్ గారూ. దించడానికి ఇంజిన్ అక్కర్లేదు, బరువుకి అదే దిగుతుంది. లేపాలంటే ఆయిలు పంపు తిరగాలి. పంపు తిరగాలంటే ఇంజిన్ ఆడాలి. ఇంజిన్ ఆడాలంటే తాళం పెట్టి, క్లచ్ తొక్కి పట్టుకుని మరీ స్టార్ట్ చేయాలి. ఈ బండి జారలేదు. దీన్ని నడిపారు."

క్రాంతికుమార్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నడిపితే పోచయ్యే నడిపిండు."

"పోచయ్య మెస్సులో పప్పన్నం తింటుంటే చూసినవాళ్లు ముప్పైమంది. మీ వాళ్లే రాసుకున్నారు."

"నీతోని ఇదే లొల్లి, సాబ్. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతవ్. జారిన బండిని నడిపిచ్చినవ్, ప్రమాదాన్ని ఖూనీ చేసినవ్. రేపు పేపర్ల నీ ఫోటో, నాకు మెమో."

"నా ఫోటో ఎవడిక్కావాలండీ? చచ్చిపోయింది నా స్నేహితుడు. మీకు మెమో భయం, నాకు వాడి కూతురు భయం."

ఆయన కళ్లు తిప్పుకుని, "ఇంకేమన్న ఉందా?" అన్నాడు.

ఉంది. మళ్లీ కిందికి దిగాం. సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. అందులో పోచయ్యని కూర్చోబెడితే కాళ్లు క్లచ్‌కి అందవు. ఆఖర్న కూర్చున్నవాడు పొడగరి. కమ్మీ పిన్నులు తీసి వెనక్కి మడిచి ఉంది. సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే ఒక ప్లగ్గు ఊడి వేలాడుతోంది. దాని రెండు తీగలూ కలిపి నల్ల టేపు చుట్టారు.

"ఇదేంది?"

"సీటు స్విచ్. గేర్లో ఉండగా డ్రైవర్ సీటులోంచి లేస్తే ఇంజిన్ దానంతటదే ఆగిపోవాలి. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. దీన్ని చంపేశారు. ఇప్పుడు మనిషి దూకేసినా బండి ముందుకి పోతుంది."

"దూకితే చూడ్డానికి బాగుండాలి కదండీ" అని వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించింది.

నిర్మాత చలపతిరావు గారు. తెల్లటి లాల్చీ, నల్ల గొడుగు. ఎప్పుడొచ్చారో చూసుకోలేదు.

"అది షాట్ కోసం చేసిందండీ. రిత్విక్ బండి నడుపుకుంటూ వాలు దిగి, మధ్యలో స్టైల్‌గా దూకాలి. దూకిన ప్రతిసారీ ఇంజిన్ ఆగిపోతే షాట్ ఏం కావాలి? ఆ కమ్మీ కూడా అంతే, వాడి మొహానికి అడ్డమొస్తోందని మడిచారు. థామస్ పాపం వద్దనే అన్నాడు. ఈ రెండూ తీసేస్తే నేను సెట్ వదిలి పోతానన్నాడు. మంచి మనిషండీ. పాతికేళ్ల స్నేహం మాది."

"బండి నడిపినవాడు పొడుగ్గా ఉంటాడు, చలపతిరావు గారూ. అంతే చెప్పగలను."

"మా రిత్విక్ ఆ టైముకి క్యారవాన్లో నిద్రపోతున్నాడండీ."

నేను రిత్విక్ పేరెత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను గానీ పైకి అనలేదు. ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి బండి ఎప్పుడు వదిలిపెడతారని అడిగారు. "కంపెనీ వాళ్లు రెండిచ్చారండీ. రెండోది జూబ్లీహిల్స్‌లో మా ఇంటి వెనక ఉంది. అయినా ఇది వాళ్లకి అప్పజెప్పాలి కదా. మామూలు బండి కాదు. ఇరవైనాలుగు హార్స్‌పవర్, మూడు సిలిండర్లు, నాలుగు చక్రాలూ లాగుతాయి, ద్రాక్షతోటలో వరసల మధ్య కూడా దూరిపోతుంది. మా యాడ్ లైన్ విన్నారా? 'డూప్ లేని హీరో, డూప్ లేని ట్రాక్టర్'. కంపెనీ వాళ్లు ఆ ఒక్క లైను మీదే మావాణ్ని తీసుకున్నారు."

చచ్చిపోయిన మనిషి రక్తం గోడ మీద ఆరకముందే యాడ్ లైను చెప్పగలిగిన గుండెకి దండం పెట్టాలి. కానీ అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. ఒక్క మాట చెవిలో పడి అక్కడే ఆగిపోయింది.

డూప్.

"ఇన్‌స్పెక్టర్ గారూ!" అని దాదాపు అరిచాను. "పోచయ్య డూప్లికేట్ అనలేదు! 'ఒకటి నాది, ఒకటి డూప్‌ది' అన్నాడు. మీరు ఫిల్మ్ నగర్‌లో డ్యూటీ చేస్తూ ఆ మాట పట్టుకోలేకపోయారు. నేనూ అంతే. డూప్ అంటే తాళం కాదు, మనిషి! హీరో బదులు దూకేవాడు. హీరో అంత ఎత్తే ఉంటాడు, అలా ఉంటేనే కదా డూప్. రెండో తాళం వాడి దగ్గరుంది!"

క్రాంతికుమార్ మొహంలో రంగు మారింది. ఒప్పుకోవడం ఇష్టం లేదు, ఒప్పుకోక తప్పదు.

"అంటే ఖూనీ జేసింది గా డూప్‌గాడా?"

"తాళం వాడి జేబులో దొరికితే పోచయ్య ఇవాళే ఇంటికెళ్తాడు."

"గంటల పట్టుకుంట" అని జీపు వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "పేరేంది వానిది?"

చలపతిరావు గారిని అడుగుదామని చూశాను. ఆయన లేరు. గేటు దగ్గర నల్ల గొడుగు కింద, వీపు మా వైపు పెట్టి, ఫోన్లో మెల్లగా మాట్లాడుతున్నారు. తర్వాత కారెక్కి వెళ్లిపోయారు, ఒక్క మాట కూడా చెప్పకుండా.

స్టెఫీకి ఫోన్ చేశాను.

"రిత్విక్‌కి డూప్ ఎవరమ్మా?"

"రాఘవేంద్ర గారు అంకుల్. బయటికి చెప్పకూడదని నాన్న అనేవాడు. నంబర్ నాన్న ఫోన్లో ఉంది, పంపిస్తున్నా."

వానలో ఫోన్ తెర తుడుచుకుంటూ కలిపాను. స్పీకర్ పెట్టమని ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. అవతల గొంతు కుర్రగా, మర్యాదగా ఉంది.

"చెప్పండి సార్."

"నేను థామస్ స్నేహితుణ్ని, దేవకుమార్‌ని. ట్రాక్టర్ రెండో తాళం నీ దగ్గరుందా బాబూ?"

"ఉందండీ. అంటే, ఇందాకే ఇచ్చారు."

"ఎవరు?"

"రిత్విక్ బాబండీ. థామస్ గారు పోవడానికి ముందురోజు సాయంత్రం నా దగ్గర తీసుకున్నారు. డూప్ లేకుండా రేపు నేనే దూకుతా, ముందు ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తా, నువ్వు సెట్‌కి రాకు అన్నారు. నేను ఆ రోజు టోలిచౌకిలో మా అక్కావాళ్ల ఇంట్లో ఉన్నానండీ. కావాలంటే కనుక్కోండి."

జరిగింది అర్థమైంది. లంచ్ బ్రేక్‌లో, ఎవరూ లేనప్పుడు, హీరోగారు ప్రాక్టీస్ చేశారు. సీటులోంచి దూకారు. బండి ఆగలేదు. వెళ్లి చూసి, గేరు న్యూట్రల్ చేసి, బ్రేకు కొక్కెం ఊడదీసి, తాళం జేబులో వేసుకుని, క్యారవాన్లోకి పోయి పడుకున్నారు. రోటవేటర్ దించడం మాత్రం మర్చిపోయారు. ఏనాడైనా దుక్కి దున్నినవాడైతే కదా గుర్తుండటానికి.

"ఇందాక తాళం ఇచ్చి ఏమన్నాడు?"

"ప్యాంటు జేబులో పెట్టుకో, ఎవరికీ ఇవ్వకు అన్నారండీ."

నేరం ఈ కుర్రాడి మీదికి తోస్తున్నారు. తాళం వాడి జేబులో దొరికితే చాలని ఇప్పుడే ఈ గ్రౌండంతా వినేలా అరిచింది నేనే. ఆ నల్ల గొడుగు ప్రతి అక్షరం వింది.

"ఇప్పుడెక్కడున్నావు?"

"జూబ్లీహిల్స్‌లో, చలపతిరావు గారి ఇంటి వెనకండీ. రాళ్ల దిబ్బ మీద. మిగిలిన షాట్ల ప్యాచ్‌వర్క్ ఉందని పొద్దున్నే రమ్మన్నారు. ఇంతసేపూ కూర్చోబెట్టి, ఇప్పుడు పెద్దాయన ఫోన్ రాగానే అర్జెంటుగా బండెక్కమన్నారు. ఎక్కేశానండీ. రెండో ట్రాక్టర్ ఇది."

"కమ్మీ లేపి ఉందా?"

"మడిచారండీ. ఫ్రేముకి అడ్డమని."

"బెల్టు?"

"కోసేశారండీ."

క్రాంతికుమార్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. జీపు స్టార్టయింది. నేను ఫోన్ చెవికి అదుముకుని వెనకే పరుగెత్తి జీపెక్కాను, బురదలో చెప్పు ఒకటి వదిలేసి.

"రాఘవేంద్రా, నా మాట విను. కెమెరా ఎక్కడ పెట్టారు?"

అటునుంచి వాన చప్పుడు వినిపించింది. అతను చుట్టూ చూస్తున్నట్టున్నాడు.

"కెమెరా..." అన్నాడు. ఆ గొంతులో మర్యాద పోయి భయం వచ్చింది. "కెమెరా లేదండీ ఇక్కడ. ఎవరూ లేరు. రిత్విక్ బాబు కారొక్కటే ఉంది. అది వెనక నుంచి వస్తోందండీ, నా మీదికే..."

"దూకు! బండి వదిలెయ్, దూకెయ్!"

ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. తర్వాత రాళ్ల మీద ఏదో బరువైంది దొర్లుతున్న చప్పుడు, చాలాసేపు. ఫోన్ తెగలేదు. దూరంగా ఇంజిన్ ఒకటి ఇంకా ఆడుతూనే ఉంది. సీటులో మనిషి లేకపోయినా ఆగకుండా ఆడుతోంది.

"ఏమైంది సాబ్?" జీపు స్టీరింగ్ తిప్పుతూ అరిచాడు క్రాంతికుమార్. "చెప్పు, ఏమైంది?"

"రెండు చావులన్నాడు పోచయ్య" అన్నాను. "పోనివ్వండి."